పంటి వేరు కింద చీముకీ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్‌కీ లింకు ఉందా? అమ్మ సీఆర్‌పీ 6.8 వచ్చింది

కాకినాడ_కాజా:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ వచ్చి పదకొండేళ్ళయింది, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతోంది. ఏడాదిన్నర నుంచి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 8.2, 8.4 దగ్గరే మొండికేసి కూర్చుంది, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెడుతున్నా, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తున్నా కదలట్లేదు. సంక్రాంతి పిండివంటల సంగతి అడక్కండి, అది వేరే కథ. పండగయ్యాక హెల్త్ ప్యాకేజీ ఒకటి చేయిస్తే అందులో హెచ్ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) 6.8 అని ఎర్రక్షరాల్లో వచ్చింది. ఫిజీషియన్ గారు చూసి "ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్ ఉందమ్మా" అన్నారు, ఎక్కడో మాత్రం చెప్పలేదు.

ఈలోపు కింద కుడివైపు దవడ పన్ను మీద క్యాప్ కదులుతోందని డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే ఆయన ఎక్స్‌రే తీసి చూపించారు. ఆ పన్నుకి 2014లో రూట్ కెనాల్ చేయించాం. ఇప్పుడు వేర్ల చివర శనగగింజంత నల్లటి మచ్చ ఉంది. "ఇన్‌ఫెక్షన్ మళ్ళీ వచ్చింది, రీ-ఆర్‌సీటీ, అంటే రూట్ కెనాల్ మళ్ళీ చేద్దాం, లేదంటే తీసేద్దాం" అన్నారు. తమాషా ఏంటంటే అమ్మకి నొప్పి లేదు, వాపు లేదు, అదే వైపు జంతికలు కూడా నములుతోంది. చిగురు మీద మాత్రం అప్పుడప్పుడు చిన్న పొక్కులా వచ్చి పోతుందంట, ఎన్నేళ్ళ నుంచి ఉందో కూడా చెప్పలేదు, "ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పోతుంది కదరా" అంటుంది.

అసలు గొడవ ఇప్పుడు మొదలైంది. పెద్దమ్మగారబ్బాయి వాట్సాప్‌లో ఒక వీడియో పెట్టాడు, రూట్ కెనాల్ చేసిన పన్ను అంటే ఒంట్లో శవాన్ని పెట్టుకున్నట్టేనని, బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చిన వాళ్ళలో 97 శాతం మందికి రూట్ కెనాల్ ఉందని. అమ్మ అది చూసి రెండు రోజులు సరిగ్గా తినలేదు, ఇప్పుడు "ఉన్నవి మొత్తం పీకించేసి కట్టుడుపళ్ళు పెట్టించుకుంటా" అని కూర్చుంది. ఒక్క పన్ను వల్ల సీఆర్‌పీ అంత పెరుగుతుందా? షుగర్ దిగకపోవడానికి కూడా అదే కారణమా? రీ-ఆర్‌సీటీ మంచిదా, పీకించడం మంచిదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఎండో_పీజీ:

నేను ఎండోలో, అంటే రూట్ కెనాల్ స్పెషాలిటీలో ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేస్తున్నా, రెండో ఏడాది. ఎక్స్‌రే చూడకుండా ఆ పన్ను గురించి తీర్పు చెప్పలేను గానీ లోపల జరిగేది చెప్తాను, ఎందుకంటే నొప్పి లేదు కాబట్టి ఏమీ లేదు అనుకునేవాళ్ళే మా ఓపీలో ఎక్కువ.

పన్ను మధ్యలో నరం, రక్తనాళాలు ఉండే గుజ్జు ఉంటుంది, పుచ్చు అక్కడిదాకా వెళ్తే అది చచ్చిపోతుంది. చచ్చాక అక్కడికి రక్తం రాదు, రక్తం రాకపోతే తెల్లకణాలు రావు, మందులూ చేరవు. అంటే బ్యాక్టీరియాకి కాపలా లేని ఇల్లు దొరికినట్టు. అవి, వాటి విషపదార్థాలు వేరు కొసన ఉన్న సన్నటి రంధ్రంలోంచి బయటికి కారుతుంటాయి. ఒళ్ళు లోపలికి వెళ్ళి వాటిని చంపలేదు కాబట్టి గుమ్మం దగ్గరే కంచె కడుతుంది, ఆ కంచె కట్టడానికి చుట్టూ ఉన్న ఎముకని తినేస్తుంది. మీకు ఎక్స్‌రేలో కనిపించిన నల్లమచ్చ అదే, ఎముక కరిగిన చోటు. మామూలు ఎక్స్‌రేలో కనపడాలంటే అక్కడి ఖనిజం 30 నుంచి 50 శాతం దాకా పోయి ఉండాలి, అంటే కనపడేసరికే కథ చాలా నడిచింది. మీ అమ్మగారికి వచ్చిపోయే పొక్కు చీము బయటికి పోయే దారి. దారి ఉంది కాబట్టి లోపల ఒత్తిడి పెరగదు, ఒత్తిడి లేదు కాబట్టి నొప్పి లేదు. ఉప్పునీళ్ళకి పొక్కు ఆరుతుంది, లోపలిది ఆరదు.

ఇక సీఆర్‌పీ. ఆ కంచె దగ్గరున్న కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి సంకేతాలు రక్తంలోకి వదుల్తాయి, అది లివర్‌కి చేరితే లివర్ సీఆర్‌పీ తయారు చేస్తుంది. కాబట్టి లింకు ఉందా అంటే ఉంది, దారి తెలిసిందే. వేరు కొసన ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ళలో సీఆర్‌పీ సగటున కొంచెం ఎక్కువగా ఉంటుందని స్టడీలు చాలానే చూపించాయి. కొంచెం అన్న మాట వదలకండి. హెచ్ఎస్-సీఆర్‌పీ 1 లోపు తక్కువ రిస్కు, 1 నుంచి 3 మధ్యస్తం, 3 దాటితే ఎక్కువ. 6.8కి శనగగింజంత మచ్చ ఒక్కటే కారణం అని నేనైతే సంతకం పెట్టను. పొట్ట చుట్టూ కొవ్వు, షుగర్, మోకాళ్ళ అరుగుదల, యూరిన్ ఇన్‌ఫెక్షన్, టెస్టుకి ముందు వారం వచ్చిన జలుబు, అన్నీ దాన్ని పెంచేవే. జలుబు, జ్వరం లేనప్పుడు రెండు వారాల తేడాతో ఇంకోసారి చేయించండి. 10 దాటి వస్తే గుండె రిస్కు లెక్క పక్కన పెట్టి ముందు ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉందో వెతకాలి.

షుగర్ విషయంలో బాణం రెండు వైపులా ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, షుగర్ ఎక్కువుంటే వేరు కింద గాయం త్వరగా మానదు. మీ అమ్మగారి విషయంలో ఏది ముందో ఇప్పుడు తేల్చలేం, తేల్చాల్సిన అవసరం కూడా లేదు, చీము ఉంది కాబట్టి తీయాలి, షుగర్ తగ్గినా తగ్గకపోయినా.

మానేరు_పోరడు:

అన్నా నా ముచ్చట జెప్తా, సీఆర్‌పీ గురించి నాకు తెల్వదు గని పంటి వేరు ఎంత దూరం పోతదో నాకు ఎరుకైంది. ఎనిమిది నెలలు నాకు ముక్కు కారుడు, ఒక్క ఎడమ దిక్కే, గలీజు వాసన, పక్కన కూసున్నోళ్ళకు వస్తుందో లేదోగని నాకైతే అన్నం తినబుద్ధి కాకపోయేది. ఈఎన్‌టీ దగ్గరికి పోతే సైనస్ అన్నరు, మందులు రాసిండ్రు, పదిరోజులు తగ్గుడు మళ్ళ మొదలు, మూడు కోర్సులు అయినయ్. ఆవిరి పట్టి పట్టి ముఖం ఉడికింది. ఆఖరికి ఇంకో డాక్టర్ "ఒక్క దిక్కే ఎందుకొస్తుంది" అని సీటీ తీపిచ్చి చూస్తే పైన దవడపంటి వేరు సీదా సైనస్ గదిల దాక ఉంది, ఆ వేరు కొసకు చీము. ఆ పన్నుకు నొప్పే లేకుండె నాకు, చిన్నప్పుడు సిమెంట్ పెట్టించిన పన్ను. రూట్ కెనాల్ అయినంక నెలన్నరకు ముక్కు సాఫ్ అయింది. మా అమ్మ ఏమో పై పన్ను ముట్టకు బిడ్డా కండ్లు పోతయ్ అని ఒకటే గోల, అందుకే గన్ని నెలలు ఆలస్యం చేసిన, నా తప్పే.

ఎండో_పీజీ:

@మానేరు_పోరడు ఇది టెక్స్‌ట్‌బుక్ కేసు అన్నా. పై దవడపళ్ళ వేర్లకీ సైనస్‌కీ మధ్య చాలామందిలో పల్చటి ఎముక పొరే ఉంటుంది. ఒక్క వైపే వచ్చి వాసన కూడా ఉంటే పళ్ళు చూడాలి. కంటి నరానికీ పై పన్నుకీ సంబంధం లేదు, పై పన్ను తీస్తే చూపు పోదు, ఈ మాట మేం రోజుకి నాలుగుసార్లు చెప్తాం. పెద్దవయసులో పళ్ళూ పోతాయి, చూపూ తగ్గుతుంది, రెండూ ఒకేసారి జరిగేసరికి ముడిపెట్టేశారు అంతే.

నిజం_నిప్పు:

డాక్టర్లు ఇలాగే చెప్తారు, వాళ్ళ వ్యాపారం అది. ఆ వీడియోలో చెప్పింది ఊరికే కాదు, వందేళ్ళ కిందటే అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే డెంటిస్టే కుందేళ్ళ మీద చేసి చూపించాడు, రోగం ఉన్న మనిషి రూట్ కెనాల్ పన్ను తీసి కుందేలు చర్మం కింద పెడితే కుందేలుకి కూడా అదే రోగం వచ్చింది. దీన్ని తొక్కిపెట్టేశారు. చచ్చిన అవయవాన్ని ఒంట్లో ఉంచుకునేది ఒక్క పన్ను విషయంలోనే, ఆలోచించండి. కాలో వేలో చచ్చిపోతే తీసేస్తారు కదా, పన్ను ఎందుకు ఉంచాలి? తీయించేయండి, పీడా పోతుంది.

ఎండో_పీజీ:

అన్నగారూ, తొక్కిపెట్టలేదు, మాకు సిలబస్‌లోనే ఉంది, వైవాలో అడుగుతారు కూడా. ఇది కొంచెం పొడుగు కథ, కానీ కాకినాడ గారి అమ్మగారు చదువుతారేమోనని పూర్తిగా రాస్తున్నా.

1891లో మిల్లర్ అనే ఆయన నోరే ఇన్‌ఫెక్షన్లకి కేంద్రం అని రాశాడు. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టర్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీకి వెళ్ళి ఉపన్యాసం ఇచ్చాడు, కుళ్ళిన పళ్ళ మీద బంగారు తొడుగులు వేసి కింద చీముని దాస్తున్నారు, రోగాలన్నీ అక్కడినుంచే అని. నిజానికి ఆయన తిట్టింది శుభ్రత లేని పనిని, అందులో తప్పు లేదు. కానీ జనం దాన్ని ఎక్కడికో తీసుకెళ్ళారు. కీళ్ళ నొప్పులా, పళ్ళు పీకు. కడుపు నొప్పా, పళ్ళు పీకు. న్యూజెర్సీలో ట్రెంటన్ అనే ఊళ్ళో మానసిక ఆసుపత్రి సూపరింటెండెంట్ హెన్రీ కాటన్ అయితే పిచ్చి కూడా పళ్ళ చీము వల్లే వస్తుందని రోగులకి పళ్ళు, టాన్సిల్స్ పీకించి, చివరికి పేగులు కూడా కోయించాడు, ఆపరేషన్లలో చాలామంది చచ్చిపోయారు. సొంత కొడుకులకి కూడా పళ్ళు పీకించాడు, అంత నమ్మకం. ప్రైస్ కుందేళ్ళ ప్రయోగాలు కూడా ఆ కాలానివే, 1920లవి. శుభ్రం చేయని పన్ను, లెక్కకి మించిన బ్యాక్టీరియా కుందేలు చర్మం కింద పెడితే దానికి రోగం రాక ఏమొస్తుంది?

తర్వాత లెక్కలు చూడటం మొదలుపెట్టారు. 1938లో సెసిల్, ఆంజివైన్ అనే ఇద్దరు 200 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ పేషెంట్లని చూసి పళ్ళూ టాన్సిల్సూ తీయించుకున్నా కీళ్ళకి లాభం కనపడలేదని రాశారు. ఈ సెసిల్ గారే అంతకుముందు ఆ సిద్ధాంతాన్ని నమ్మినవాడు, అది నాకు నచ్చుతుంది. 1965లో కకెహాషి వాళ్ళు ఎలకల మీద చేసింది ఇంకా అందమైన ప్రయోగం. ఒక్క క్రిమి కూడా లేకుండా పెంచిన ఎలకలకి పన్ను తొలిచి గుజ్జు బయటపెట్టి వదిలేస్తే, తిండి అందులో ఇరుక్కున్నా సరే, గుజ్జు బతికింది, పైన గట్టిపొర కూడా కట్టుకుంది. మామూలు ఎలకలకి అదే చేస్తే గుజ్జు చచ్చి చీము పట్టింది. అంటే వేరు కింద రోగం క్రిముల వల్ల, పన్ను చచ్చినందువల్ల కాదు. క్రిముల్ని తీసి సీల్ చేస్తే ఆ పన్ను ఒక గూటం లాంటిది, వేరు చుట్టూ ఉన్న పొరకి ఎముకనుంచి రక్తం అందుతూనే ఉంటుంది, అందుకే వేలుతో పోలిక కుదరదు. 97 శాతం లెక్కకి ఆధారం లేదు. యాభై అరవై ఏళ్ళ వయసు ఆడవాళ్ళ గుంపు ఏది తీసుకున్నా పంటి పనులు చేయించుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు, వాళ్ళలో చాలామంది కాఫీ కూడా తాగుతారు.

నిజం_నిప్పు:

సరే, మీ చదువు మీది. నేనైతే చేయించుకోను.

డల్లాస్_బాబాయ్:

రెండు మాటలు చెప్పి పోతా. మా నాన్నగారికి చిన్నప్పుడు రుమాటిక్ జ్వరం వచ్చి వాల్వు పాడై, తర్వాత కృత్రిమ వాల్వు వేశారు. అలాంటివాళ్ళకి పంటి నుంచి రక్తంలోకి పోయే బ్యాక్టీరియా నిజంగానే ప్రాణం మీదకి తెస్తుంది, వాల్వు మీద గూడు కడుతుంది, ఎండోకార్డైటిస్ అంటారు. అందుకే పళ్ళ పనికి గంట ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒకే డోసు వేయిస్తారు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ రూల్ మార్చాక వాల్వు మార్చినవాళ్ళు, ఒకసారి ఆ ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్ళు, కొన్ని రకాల పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులవాళ్ళు, ముఖ్యంగా ఇలాంటివాళ్ళకే అది. మిగతావాళ్ళకి వద్దన్నారు, ఎందుకంటే బ్రష్ చేసినా, నమిలినా రోజూ కొన్ని బ్యాక్టీరియా రక్తంలోకి పోతూనే ఉంటాయంట. కాబట్టి అమ్మగారికి గుండె హిస్టరీ ఏదైనా ఉంటే డెంటిస్ట్‌కి ముందే చెప్పండి.

ఇక్కడ రూట్ కెనాల్ రేట్లు చూస్తే విమానం టికెట్టే చవక, మావాళ్ళందరం ఇండియా ట్రిప్పుకి పళ్ళు దాచిపెట్టుకుంటాం, అలా దాచి దాచి నా పన్ను ఒకటి పోయింది, అది వేరే సంగతి.

గుంటూరు_గోంగూర:

కాజా గారూ, చిగుళ్ళు చూపించారా? అందరూ ఆ ఒక్క పన్ను మీద పడ్డారు. మా అత్తగారికి కూడా షుగరే, పళ్ళు తోముకుంటే రక్తం వచ్చేది, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని పదేళ్ళు వెళ్ళలేదు. చివరికి రెండు ముందుపళ్ళు ఊగడం మొదలెట్టాక తీసుకెళ్ళాం. ఇంకో విషయం, మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్, మెట్రోజిల్ తెచ్చి వేయకండి, మావారు అదే చేసి నెల తర్వాత ముఖం బూరెలా వాచి రాత్రి పదకొండుకి పరిగెత్తాం.

ఎండో_పీజీ:

గోంగూర గారు అసలు పాయింట్ పట్టుకున్నారు, నేనే ముందు అడగాల్సింది. వేరు కింద మచ్చ శనగగింజంత. చిగుళ్ళ జబ్బు నోరంతా ఉంటే పళ్ళ చుట్టూ లోపల పుండైన మేర అంతా కలిపితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉండొచ్చని ఒక లెక్క. అరచేతంత అని చెప్తుంటారు, అంత కాదు గానీ తక్కువేం కాదు. షుగర్ మీద గట్టి ఆధారం కూడా చిగుళ్ళకే ఉంది, వాటికి లోతైన క్లీనింగ్ చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గుతుందని 2022 కోక్రేన్ రివ్యూలో (చాలా ట్రయల్స్‌ని కలిపి చూసిన సమీక్షలో) ఉంది. ఒక టాబ్లెట్ కలిపినంత కాకపోయినా దగ్గర్లో ఉంటుంది. 2007లో ఇంకో ట్రయల్, 120 మంది, గట్టిగా క్లీనింగ్ చేసిన మర్నాడు సీఆర్‌పీ పెరిగింది, ఆర్నెల్లకి రక్తనాళాల పనితీరు మెరుగైంది. అందుకే పని అయిన వెంటనే సీఆర్‌పీ చేయించి కంగారుపడొద్దు.

వేరు ఇన్‌ఫెక్షన్ మీద అంత బలమైన ఆధారం ఇంకా లేదు. 2025లో లండన్ కింగ్స్ కాలేజీ వాళ్ళు 65 మందిని రూట్ కెనాల్ తర్వాత రెండేళ్ళు చూస్తే రక్తంలో గ్లూకోజు, కొవ్వుల లెక్కలు బాగుపడ్డాయన్నారు. ఆశ కలిగించేదే, చిన్న స్టడీ. గుండె జబ్బుల విషయంలో కూడా 2012లో హార్ట్ అసోసియేషన్ చెప్పింది ఇదే, చిగుళ్ళ జబ్బుకీ దానికీ సంబంధం కనిపిస్తోంది, కారణం అని మాత్రం రుజువు కాలేదని.

యాంటీబయాటిక్ గురించి, పైన చెప్పినట్టు రక్తం పోని చోటికి మందు పోదు. జ్వరం, ముఖం వాపు, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం ఉంటే అది వేరే, అప్పుడు ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్ళాలి, షుగర్ ఉన్నవాళ్ళు మరీ.

పీకాలా ఉంచాలా అంటే, వేరు పగలకపోతే, పైన క్యాప్ పట్టడానికి సరిపడా పన్ను మిగిలుంటే రీ-ఆర్‌సీటీకి వెళ్ళండి. వేరు నిలువునా చీలితే మాత్రం తీయించడమే. రెండిట్లో ఏది చేసినా చాలావరకు ఇన్‌ఫెక్షన్ పోతుంది, అది ముఖ్యం. మొత్తం పళ్ళు పీకించడం అంటే ఎలక ఉందని ఇల్లు తగలబెట్టడమే. రెండు విషయాలు అడగండి, పని చేసేటప్పుడు రబ్బర్ డ్యామ్, అంటే పన్ను చుట్టూ రబ్బరు షీటు కడతారా అని, ఇంకా పాతసారి ఏదైనా కెనాల్ వదిలేశారా అని. కింద దవడ మొదటి పన్నుకి మూడు కాదు, కొందరికి నాలుగు కెనాల్స్ ఉంటాయి. డబ్బు ఇబ్బందైతే విజయవాడ, కడప, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీలు ఉన్నాయి, టైం పడుతుంది.

కాకినాడ_కాజా:

అప్‌డేట్ ఇవ్వడానికి ఐదు నెలలు పట్టింది, సారీ. ముందు అమ్మకి ఇక్కడి రిప్లైలన్నీ చదివి వినిపించా, ఆ మెంటల్ హాస్పిటల్ కథ విన్నాక కట్టుడుపళ్ళ మాట ఎత్తలేదు. రీ-ఆర్‌సీటీ మూడు సిట్టింగుల్లో అయింది. క్యాప్ తీయగానే లోపల నల్లగా, ఆ వాసన నాకు బయట కుర్చీలోకి వచ్చింది. క్యాప్ అంచు కింద మళ్ళీ పుచ్చిందంట, అక్కడినుంచే లోపలికి దారి పడిందన్నారు. ఎండో_పీజీ గారు చెప్పినట్టే వెనక వేరులో నాలుగో కెనాల్ దొరికింది, పాతసారి ముట్టుకోలేదు. రబ్బరు షీటు కడితే అమ్మకి ఊపిరాడనట్టు అనిపించి మొదటిరోజు గొడవ చేసింది, తర్వాత అలవాటైంది. పొక్కు మళ్ళీ రాలేదు. చిగుళ్ళు కూడా చూశారు, నాలుగైదు చోట్ల లోతు ఉందని రెండుసార్లు క్లీనింగ్ చేశారు, పళ్ళు ఏమీ ఊడిపోలేదు.

రిపోర్టులు ఇవి. హెచ్ఎస్-సీఆర్‌పీ పని మొదలెట్టేముందు మళ్ళీ చేయిస్తే 5.1, అంటే ఆ 6.8లో కొంత సంక్రాంతికి అమ్మకి పట్టిన జలుబుది అయ్యుండొచ్చు. మొన్న 3.4. హెచ్‌బీఏ1సీ 7.6. కానీ మధ్యలో ఫిజీషియన్ గారు సిటాగ్లిప్టిన్ అనే ఇంకో షుగర్ మందు కలిపారు, అమ్మ మూడు కిలోలు తగ్గింది కూడా, కాబట్టి ఎంత పంటిది, ఎంత మందుది, ఎంత వాకింగ్‌ది అని అడిగితే నా దగ్గర లెక్క లేదు. అమ్మని అడిగితే మాత్రం అంతా పొద్దున్నే తాగే మెంతుల నీళ్ళ మహిమే అంటుంది.

ఎండో_పీజీ:

భలే. ఎముక నిండటానికి టైం పడుతుంది, ఏడాది దాటినా మచ్చ కొంచెం మిగిలి ఉండొచ్చు, కొందరికి నాలుగేళ్ళ దాకా. పరిమాణం తగ్గుతోందా లేదా అన్నదే చూడాలి. ఇంకో నెలకి ఎక్స్‌రే తీయిస్తే అదే యాంగిల్లో తీయమనండి, పాతది పారేయకండి, పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

కాకినాడ_కాజా:

పాతది ఫ్రిజ్ మీద కరెంటు బిల్లుల మధ్యలో దొరికిందండీ, తీసి బీరువాలో పెట్టించా.